ధర, మార్కెటింగ్, ప్రొడక్ట్: వ్యాపారం మొదలుపెట్టేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

"వస్తువు తయారైపోయింది, ఇప్పుడు ధర ఎంత పెట్టమంటారు?" నాకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. ముందు వస్తువు తయారుచేసి, తర్వాత ధర వేసి, ఆఖర్న మార్కెటింగ్ సంగతి చూద్దాం అనుకుంటారు చాలామంది. ఈ వరసలోనే ఇబ్బందంతా ఉందని నా నమ్మకం. ఎవరు కొంటారు, ఎందుకు కొంటారు, ఎంతకు కొంటారు అన్నవి మూడూ తయారీకి ముందే కలిపి తేల్చుకోవాల్సినవి. కింది జవాబులన్నీ ఆ ఉద్దేశంతో రాసినవే. లెక్కల్లో ఉత్త సంఖ్యలే ఇచ్చాను, మీ అంకెలు పెట్టుకుని మళ్లీ వేసి చూసుకోండి.

అయిన ఖర్చుకు కొంత లాభం కలిపి ధర వేస్తే సరిపోదా?

లెక్క తేలిక కాబట్టి ఎక్కువమంది అలాగే వేస్తారు. వస్తువుకు 60 ఖర్చయింది, 40 కలుపుకుని 100కు అమ్ముతారు. కానీ ఈ లెక్కలో కొనేవాళ్ల ఊసే లేదు. మీకు 60 ఖర్చయిందా, 20 ఖర్చయిందా అన్నది వాళ్లకు పట్టదు. తమకు ఎంత మేలు జరుగుతుంది, అదే పని ఇంకో దారిలో జరగాలంటే ఎంతవుతుంది అన్నవే వాళ్లు చూస్తారు.

ఖర్చు మీకు కింది హద్దు చెబుతుంది. అంతకు తగ్గితే గిట్టదు. కొనేవాళ్లకు కలిగే విలువ పై హద్దు చెబుతుంది. దాన్ని దాటితే కొనరు. ఈ రెంటి మధ్య మీరు ఎక్కడ నిలబడొచ్చో పోటీదారుల ధరలు చూపిస్తాయి. మీ సాఫ్ట్‌వేర్ వల్ల ఒక ఆఫీసులో నెలకు 30 గంటల పని తగ్గిందనుకోండి. ఆ 30 గంటలకు వాళ్లు ఇస్తున్న జీతం ఎంతో లెక్కకట్టండి. అందులో నాలుగో వంతు మీరు అడిగినా వాళ్లకు లాభమే. ఖర్చు దగ్గరే ఆగిపోతే ఈ సంఖ్య మీకు ఎప్పటికీ కనపడదు.

వస్తువే లేకుండా ధర ముందు ఎలా తేల్చగలం?

టార్గెట్ కాస్టింగ్ అనే పద్ధతి సరిగ్గా దీనికోసమే ఉంది. జపాన్ కార్ల కంపెనీలు, ముఖ్యంగా టయోటా, దీన్ని బాగా పదును పెట్టాయి. ఈ రకం కారుకు జనం ఎంత ఇస్తారో ముందు తేలుస్తారు. అందులోంచి కంపెనీకి కావాల్సిన లాభం తీసేస్తారు. మిగిలినదే ఖర్చుకు గరిష్ఠ పరిమితి. ఇంజనీర్లు ఆ పరిమితికి లోబడి డిజైన్ చేయాలి.

ఇందులో గొప్పదనం ఏమిటంటే, ఖర్చులో చాలా భాగం డిజైన్ కాగితం మీదే ఖాయమైపోతుంది. ఏ పదార్థం వాడాలి, ఎన్ని విడిభాగాలు ఉండాలి అన్నవి ఒకసారి నిర్ణయమైపోయాక, ఫ్యాక్టరీలో ఎంత పొదుపు చేసినా తగ్గేది కొంచెమే. అందుకే ధర ప్రశ్న డిజైన్ బల్ల దగ్గరే రావాలి.

మార్జిన్, మార్కప్ ఒకటేనా?

కాదు. 60కి కొని 100కి అమ్మితే లాభం 40. అమ్మిన ధరలో అది 40 శాతం, దాన్ని మార్జిన్ అంటారు. కొన్న ధర మీద చూస్తే దాదాపు 67 శాతం, అది మార్కప్. ఈ రెండూ కలగలిపేసి "నలభై శాతం వేసుకున్నాను" అని 84కి అమ్మేవాళ్లను చూశాను. వాళ్లకు దక్కిన మార్జిన్ 29 శాతం కూడా లేదు.

పది శాతం డిస్కౌంట్ ఇస్తే ఏమంత నష్టం?

ఈ జవాబు కాస్త నిదానంగా చదవండి. డిస్కౌంట్ ప్రకటించే ముందు ఈ లెక్క వేసుకునేవాళ్లు చాలా తక్కువమంది.

అదే ఉదాహరణ తీసుకుందాం. ధర 100, ఒక్కో వస్తువుకు అయ్యే ఖర్చు 60, మిగిలేది 40. నెలకు 1,000 అమ్ముతున్నారు, అంటే చేతికి 40,000 మిగులుతోంది. ఇప్పుడు పది శాతం తగ్గించారు. ధర 90 అయింది. ఖర్చు మాత్రం 60 దగ్గరే ఉంది. మిగిలేది 30. ఆ 40,000 మళ్లీ రావాలంటే 1,334 అమ్మాలి. ధర తగ్గింది పదో వంతు, అమ్మకాలు పెరగాల్సింది మూడో వంతు. పెరిగిన సరుకుకు ప్యాకింగ్, రవాణా, ఫోన్ కాల్స్, వెనక్కి వచ్చే వస్తువులు అన్నీ పెరుగుతాయి, అవి ఈ లెక్కలో కలపనే లేదు.

ఇప్పుడు తిరగేసి చూడండి. ధర 110 చేశారు. మిగిలేది 50. ఆ 40,000కి 800 అమ్మితే చాలు. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు వెళ్లిపోయినా మీ లాభం తగ్గదు.

మార్జిన్ తక్కువగా ఉన్న వ్యాపారంలో డిస్కౌంట్ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. మిగిలేది 20 మాత్రమే అయితే, పది శాతం తగ్గింపు తర్వాత అమ్మకాలు రెట్టింపు కావాలి. కాబట్టి డిస్కౌంట్ ఇవ్వొద్దని అనను. పాతబడిపోతున్న సరుకు వదిలించుకోవడానికి, ఖాళీగా ఉన్న రోజులు నింపుకోవడానికి, ఏడాది డబ్బు ముందే కట్టేవాళ్ల కోసం ఇవ్వండి. బదులుగా మీకు ఏదో ఒకటి దక్కాలి. అమ్మకాలు డల్‌గా ఉన్నాయన్న టెన్షన్‌లో మాత్రం ఇవ్వకండి.

బ్రేక్-ఈవెన్ (లాభం, నష్టం రెండూ లేని స్థాయి) ఎలా లెక్కకట్టాలి?

అమ్మినా అమ్మకపోయినా కట్టాల్సినవి స్థిర ఖర్చులు: అద్దె, జీతాలు, వడ్డీ లాంటివి. వాటి మొత్తాన్ని ఒక్కో వస్తువు మీద మిగిలే డబ్బుతో భాగించాలి. స్థిర ఖర్చు 2,00,000, ఒక్కోదాని మీద మిగిలేది 40 అయితే, 5,000 అమ్మాక గానీ మొదటి లాభం రాదు. మీ జీతం కూడా అందులో వేసుకోండి. సొంత శ్రమను సున్నా కింద కట్టి "లాభాల్లో ఉన్నాం" అనుకోవడం నిజాన్ని దాచుకోవడమే.

ధర పెంచితే కస్టమర్లు పోతారని భయంగా ఉంది. ఎలా తెలుస్తుంది?

ధర మారితే గిరాకీ ఎంత మారుతుందో చెప్పే కొలతను ఆర్థికశాస్త్రంలో డిమాండ్ వ్యాకోచత్వం అంటారు. ధర 10 శాతం పెంచితే అమ్మకాలు 5 శాతమే తగ్గాయంటే గిరాకీ గట్టిగా ఉన్నట్టు. 20 శాతం పడిపోయాయంటే కొనేవాళ్లకు వేరే దారులు చాలా ఉన్నట్టు. ప్రత్యామ్నాయం లేని వస్తువు, మొత్తం ఖర్చులో చిన్న భాగమైన వస్తువు, మానేస్తే పని ఆగిపోయే వస్తువు, ఇలాంటివాటికి ధర పెరిగినా గిరాకీ అంతగా పడిపోదు.

దీన్ని పుస్తకంలో చూసి తెలుసుకోలేం, పెట్టి చూడాలి. ముందు కొత్తగా వచ్చేవాళ్లకు మాత్రం కొత్త ధర చెప్పండి. పాతవాళ్లను కొన్నాళ్లు పాత ధరలోనే ఉంచండి. కొత్తవాళ్లలో కొనేవాళ్ల శాతం ఎంత తగ్గిందో రెండు మూడు నెలలు చూస్తే మీ భయం ఎంతవరకు నిజమో తేలుతుంది. పాతవాళ్లకు పెంచేటప్పుడు ముందుగా, సూటిగా, కారణంతో సహా చెప్పండి. బిల్లు చూసి తెలుసుకునేలా చేస్తే డబ్బు కంటే ఎక్కువే పోతుంది.

కొత్త వస్తువును ఎక్కువ ధరతో మొదలుపెట్టాలా, తక్కువ ధరతోనా?

రెండు దారులూ పాతవే. మొదట ఎక్కువ ధర పెట్టి, ఆత్రంగా ఉన్నవాళ్లకు అమ్మి, తర్వాత మెల్లగా తగ్గించడాన్ని స్కిమ్మింగ్ అంటారు. మొదటి నుంచే తక్కువ పెట్టి మార్కెట్‌ను త్వరగా పట్టుకోవడం పెనెట్రేషన్.

స్కిమ్మింగ్‌లో జాగ్రత్త ఎక్కడ కావాలో 2007 చూపించింది. ఆ ఏడాది జూన్ 29న ఆపిల్ మొదటి ఐఫోన్‌ను అమ్మకానికి పెట్టింది. 8 జీబీ మోడల్ 599 డాలర్లు. సెప్టెంబర్ 5న దాన్ని 399 చేసింది. పది వారాలు కూడా తిరగకముందే 200 డాలర్లు తగ్గేసరికి ముందు కొన్నవాళ్లు మండిపడ్డారు. మర్నాడే స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖ రాసి, వాళ్లకు 100 డాలర్ల స్టోర్ క్రెడిట్ ఇస్తామన్నారు. ధర తగ్గడం మామూలే. అంత త్వరగా, అంత ఎక్కువగా తగ్గితే మొదట నమ్మి కొన్నవాళ్లే మోసపోయామనుకుంటారు.

పెనెట్రేషన్ గిట్టాలంటే ఉత్పత్తి పెరిగేకొద్దీ ఖర్చు నిజంగా తగ్గాలి. ఫోర్డ్ మోడల్ టి కారు 1908లో 850 డాలర్లతో మొదలై 1920ల నడుమ 300 కంటే కిందికి వచ్చింది. కదిలే అసెంబ్లీ లైన్ వల్ల అది సాధ్యమైంది. మీ పని ఎన్ని చేసినా ఒక్కోదానికి అంతే సమయం పట్టేదైతే ఈ దారి మీది కాదు. తక్కువతో మొదలుపెడితే తర్వాత పెంచడం ఎంతో కష్టం.

మూడు ప్యాకేజీలు, తగ్గింపు ధరలు నిజంగా పనిచేస్తాయా?

ఒక మేరకు పనిచేస్తాయి. ముందు కనపడిన అంకె తర్వాతి అంచనాను తనవైపు లాగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ 1974లో రాశారు. దాన్నే యాంకరింగ్ అంటారు. పక్కన 250 ప్యాకేజీ కనపడుతుంటే 120 అందుబాటులో ఉన్నట్టే అనిపిస్తుంది. అందుకే మధ్య ప్యాకేజీ ఎక్కువగా పోతుంది.

అమెరికాలో జేసీపెన్నీ అనే దుకాణాల గొలుసు 2012లో దీనికి ఎదురు వెళ్లింది. కూపన్లు, రోజుకో సేల్ ఎత్తేసి, ఎప్పుడూ ఒకే నిజమైన ధర అని ప్రకటించింది. ఆ ఏడాది అమ్మకాలు దాదాపు నాలుగో వంతు పడిపోయాయి. 2013 ఏప్రిల్‌లో సీఈఓ తప్పుకోవాల్సి వచ్చింది. ఆలోచనలో నిజాయితీ ఉంది. కానీ ఆ కస్టమర్లు ఏళ్ల తరబడి తగ్గింపు చూసి కొనడానికి అలవాటుపడినవాళ్లు. కొట్టేసిన పాత ధర పక్కన లేకపోతే తమకు ఎంత కలిసొచ్చిందో వాళ్లకు తెలియలేదు. ముందు చిన్నగా పరీక్షించి చూడకుండా అన్ని దుకాణాల్లో ఒకేసారి మార్చేయడం ఇంకా పెద్ద పొరపాటు.

అయితే ఎప్పుడూ అమ్మని నకిలీ "పాత ధర" రాసి కొట్టేయడం మాత్రం అబద్ధమే. దాన్ని నేను ఎవరికీ సలహాగా ఇవ్వను.

"ఎంతయితే కొంటారు?" అని కస్టమర్‌నే అడగొచ్చా?

అలా అడిగితే తక్కువే చెబుతారు, బేరం మొదలైనట్టే కదా. పీటర్ వాన్ వెస్టెన్‌డార్ప్ అనే డచ్ ఆర్థికవేత్త 1976లో దీనికి నాలుగు ప్రశ్నల పద్ధతి సూచించారు. ఎంతయితే ఇది మరీ ఖరీదు, అసలు కొనరు? ఎంతయితే ఖరీదే గానీ ఆలోచిస్తారు? ఎంతయితే మంచి బేరం అనిపిస్తుంది? ఎంతకు తగ్గితే నాణ్యత మీద అనుమానం వస్తుంది? ఆ చివరి ప్రశ్న చాలా విలువైనది. మరీ తక్కువ ధర కూడా కొనేవాళ్లను తరిమేస్తుందని అది గుర్తుచేస్తుంది. జవాబులన్నీ గీతలుగా గీస్తే మీరు వెతకాల్సిన పరిధి కనిపిస్తుంది. ఖచ్చితమైన ధర మాత్రం నిజంగా అమ్మి చూస్తేనే తేలుతుంది.

మార్కెటింగ్ అంటే ప్రకటనలేనా?

ప్రకటన అందులో ఒక ముక్క. 1960లో అమెరికన్ ప్రొఫెసర్ జెరోమ్ మెకార్తీ దీన్ని నాలుగుగా విభజించి చెప్పారు: వస్తువు, ధర, దొరికే చోటు, ప్రచారం. ఇంగ్లీషులో నాలుగూ పి అక్షరంతో మొదలవుతాయి కాబట్టి ఫోర్ పీస్ అన్న పేరు స్థిరపడింది. ప్రచారం నాలుగోది. మొదటి మూడూ తప్పుగా ఉంటే, ప్రచారం వల్ల ఆ తప్పు ఇంకా ఎక్కువమందికి తెలుస్తుంది, అంతే.

మా వస్తువు అందరికీ పనికొస్తుంది. అందరికీ చెబితే తప్పేంటి?

అందరికీ అని రాసింది ఎవరికీ తగలదు. ముందు మార్కెట్‌ను అవసరాన్ని బట్టి గుంపులుగా చూడండి. అందులో మీరు బాగా సేవ చేయగల ఒక గుంపును ఎంచుకోండి. వాళ్ల మనసులో మీకు ఏ స్థానం కావాలో తేల్చుకోండి. మొదటిది సెగ్మెంటేషన్, రెండోది టార్గెటింగ్, మూడోది పొజిషనింగ్. వయసు, ఊరు, ఆదాయం లాంటి వివరాల కంటే "ఏ ఇబ్బంది పడుతూ మన దగ్గరికి వస్తున్నారు" అన్నదాన్ని బట్టి విడదీస్తే ఎక్కువ ఉపయోగం.

ఒక కస్టమర్‌ను తెచ్చుకోవడానికి ఎంత ఖర్చుపెట్టొచ్చు?

ఆ కస్టమర్ మీతో ఉన్నన్నాళ్లు మీకు మిగిల్చేదాన్ని బట్టి. నెలకు 40 మిగుల్తుంది, నెలనెలా 5 శాతం మంది మానేస్తున్నారు అనుకుందాం. సగటున ఒకరు 20 నెలలు ఉంటారు, మిగిలేది 800. తెచ్చుకోవడానికి 300 అయితే ఫరవాలేదు. కానీ మానేసేవాళ్లు 10 శాతమైతే ఆ 800 కాస్తా 400 అయిపోతుంది. కాబట్టి ప్రకటనల బడ్జెట్ పెంచే ముందు జనం ఎందుకు మానేస్తున్నారో చూడండి. ఓటికుండలో ఎన్ని నీళ్లు పోసినా నిలవవు.

వస్తువు తయారుచేసే ముందు కస్టమర్లను ఏం అడగాలి?

మీ ఆలోచన గురించి అసలు అడగకండి. ఈ పాఠం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. చిన్న వ్యాపారాల కోసం బాకీల లెక్క చూసే సాఫ్ట్‌వేర్ ఒకటి చేస్తున్న రోజుల్లో, ఒకాయనకు మా స్క్రీన్లన్నీ చూపించాను. "చాలా బాగుందండీ" అన్నారు. సంతోషంగా లేవబోతూ, ఊరికే అడిగినట్టు "ఇప్పుడు ఈ పని ఎలా చేస్తున్నారు?" అన్నాను. సొరుగులోంచి పొడవాటి నోట్‌బుక్ తీశారు. రాని బాకీల పేజీల మూలలు మడిచి ఉన్నాయి. మరీ ఆలస్యమైనవాటికి రెండు మడతలు. ఉదయం పుస్తకం పక్క నుంచి చూస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఆయనకు తెలిసిపోతుంది. మా స్క్రీన్లలో పదకొండు రకాల రిపోర్టులున్నాయి, ఆ ఒక్క సంగతి లేదు. ఆ సాయంత్రమే రిపోర్టులు చాలావరకు తీసేసి, "ఈ రోజు ఎవరికి ఫోన్ చేయాలి" అనే ఒక్క జాబితాను మొదటి పేజీలో పెట్టాం. తర్వాత డబ్బు కట్టినవాళ్లంతా దానికోసమే కట్టారు.

కాబట్టి గతం గురించి అడగండి. పోయినసారి ఈ సమస్య ఎప్పుడు వచ్చింది? అప్పుడేం చేశారు? దానికి ఎంత ఖర్చయింది? ఇంతకుముందు ఏం కొని చూశారు, ఎందుకు మానేశారు? ఇలా జరిగినదాని గురించి అడిగితే, మొహమాటంతో మిమ్మల్ని మెచ్చుకోవాల్సిన అవసరం వాళ్లకు రాదు.

పరీక్షల్లో అందరూ బాగుందన్నారు. మరి ఎందుకు అమ్ముడుపోలేదు?

పరీక్షలో అడిగిన ప్రశ్న, జీవితంలో ఎదురయ్యే ప్రశ్న వేరు కావచ్చు. కోకాకోలా 1985 ఏప్రిల్ 23న తన పాత ఫార్ములా మార్చింది. అంతకుముందు దాదాపు 2,00,000 మందితో రుచి పరీక్షలు చేయించింది, ఎక్కువమంది కొత్త రుచికే మొగ్గారు. కానీ పాతది ఇక దొరకదని తెలిశాక వాళ్లకు ఏమనిపిస్తుందన్నది ఆ పరీక్షలు పట్టుకోలేకపోయాయి. జనం నిరసనకు దిగారు. 79 రోజులకే పాత కోక్‌ను వెనక్కి తెచ్చారు. మీ పరీక్షలో కూడా డబ్బు, అలవాటు, వదులుకోవాల్సినది, ఈ మూడింట్లో ఒక్కటైనా ఉండేలా చూసుకోండి. ముందస్తు ఆర్డర్ ఒక్కటి వంద మెచ్చుకోళ్లతో సమానం.

ఎంవీపీ (మినిమమ్ వయబుల్ ప్రొడక్ట్) అంటే సగం చేసిన వస్తువా?

కాదు. మీ నమ్మకాల్లో ఏది తప్పయితే వ్యాపారమే కూలిపోతుందో, దాన్ని తక్కువ ఖర్చుతో పరీక్షించే మొదటి రూపం. చేసేది చిన్నదే అయినా, ఆ చిన్న పని పూర్తిగా జరగాలి. పది పనులు అరకొరగా చేసే వస్తువును జనం వెంటనే వదిలేస్తారు, మీకు నేర్చుకోవడానికి కూడా ఏమీ మిగలదు.

ఫీచర్లలో ఏది ముందు చేయాలి?

నోరియాకి కానో అనే జపాన్ ప్రొఫెసర్ 1984లో ఇచ్చిన విభజన నాకు ఇప్పటికీ చాలా పనికొస్తుంది. కొన్ని ఉండి తీరాలి, ఉన్నాయని ఎవరూ మెచ్చుకోరు గానీ లేకపోతే తిడతారు. కొన్ని ఎంత బాగుంటే అంత తృప్తి. కొన్ని ఎవరూ అడగరు, కనపడితే మురిసిపోతారు. మొదటి రకం పూర్తికాకుండా మూడో రకం మీద రాత్రులు గడపకండి. ఇవాళ మురిపించేది కొన్నేళ్లకు ఉండి తీరాల్సినదైపోతుందని కూడా గుర్తుంచుకోండి. ఫోన్లలో కెమెరా అలాగే అయింది.

మొదటి నెలల్లో కొనేవాళ్లు తక్కువగా ఉంటే ఆపేయాలా?

తక్కువమంది కొనడం వేరు, కొన్నవాళ్లు మళ్లీ రాకపోవడం వేరు. ఎవరెట్ రోజర్స్ అనే అమెరికన్ సామాజికశాస్త్రవేత్త 1962లో చెప్పిన లెక్కలో కొత్తదాన్ని ముందుగా అందుకునేవాళ్లు 2.5 శాతం, వాళ్ల వెంట వచ్చేవాళ్లు 13.5 శాతం. మిగిలిన పెద్ద గుంపు పక్కవాళ్లను చూసి గానీ కదలదు. కాబట్టి మొదట్లో తక్కువగా ఉండటం సహజమే. కొన్న కొద్దిమంది దాన్ని వదలకుండా వాడుతున్నారా అన్నది చూడండి.

3ఎం కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ గట్టిగా పట్టుకోని జిగురును 1968లో కనిపెట్టారు. దాన్ని కాగితం గుర్తులకు వాడొచ్చన్న ఊహ అదే కంపెనీలోని ఆర్ట్ ఫ్రైకి 1974లో వచ్చింది. 1977లో కొన్ని నగరాల్లో అమ్మి చూస్తే స్పందన లేదు. చాలామంది అక్కడితో ఆపేసేవారు. మరుసటి ఏడాది ఐడహో రాష్ట్రంలోని బాయిసీ నగరంలో ఊరికే పంచిపెట్టి చూశారు. వాడినవాళ్లలో 90 శాతం పైగా మళ్లీ కొంటామన్నారు. 1980లో పోస్ట్-ఇట్ (అంటించి, మళ్లీ పీకేయగల చిన్న కాగితాలు) అమెరికా అంతటా వచ్చింది. వాడి చూస్తే గానీ అవసరం తెలియని వస్తువు అది. ప్రకటన ఎంత బాగున్నా ఆ పని చేయలేదు.

అయితే మేమూ ఉచితంగా ఇవ్వాలా?

వాడితేనే విలువ తెలిసేదైతే, ఒక్కోటి ఇవ్వడానికి మీకు అయ్యే ఖర్చు చాలా తక్కువైతే ఇవ్వండి. గడువు పెట్టండి, లేదా పరిమాణం పెట్టండి. ఉచితం ఎప్పుడు ముగుస్తుందో, తర్వాత ధర ఎంతో మొదటి రోజే చెప్పండి. సమయం అమ్ముకునే సలహాదారులు, డిజైనర్లు లాంటివాళ్లు ఊరికే పని చేసిపెట్టే బదులు, చిన్న పనిని చిన్న ధరకు ఇవ్వడం మేలు.

ధరలను ఎన్నాళ్లకోసారి చూసుకోవాలి?

కనీసం ఆరు నెలలకోసారి, తేదీ వేసి పెట్టుకుని. ఆ రోజు మూడు కాగితాలు ముందు పెట్టుకోండి: ఒక్కో వస్తువు మీద ఇప్పుడు నిజంగా మిగులుతున్నది, పోటీదారుల తాజా ధరలు, గత ఆరు నెలల్లో "ధర ఎక్కువ" అని వెళ్లిపోయినవాళ్ల జాబితా. ఆ మూడోది ఖాళీగా ఉంటే, ఒక్కరు కూడా ఖరీదని అనకపోతే, మీరు తక్కువకు అమ్ముతున్నారనడానికి అది బలమైన సూచన. కొత్తవాళ్లకు చెప్పే ధరను మర్నాటి నుంచే కొంచెం పెంచి చూడండి.